పాంప్లెట్‌లో ఒక ధర, షాపులో ఇంకో ధర: ఒప్పంద చట్టం మేలా, వినియోగదారుల చట్టం మేలా?

పోయిన దసరాకి పేపర్ మడతలోంచి పసుపు పాంప్లెట్ ఒకటి జారిపడింది, మిక్సీ 1,999 అని ఎర్రటి అక్షరాలు. విశాఖ గోపాలపట్నంలో బస్సెక్కి, ద్వారకానగర్‌లో ఆ షాపు షట్టర్ ఎత్తే వేళకే వెళ్లి నిలబడితే "అది అయిపోయింది మేడమ్, ఇది చూడండి, 3,400" అన్నారు. ఇచ్చిన మాట ప్రకారం ఇవ్వాల్సిందేనని వాదించాను. చట్టం ప్రకారం నా వాదన నిలవదు, కానీ నా కోపం న్యాయమైనదే.

షాపువాళ్లు ఆఫర్ అనేది వేరు, చట్టం ఆఫర్ అనేది వేరు. 1872 నాటి ఒప్పంద చట్టంలో ఆఫర్ అంటే ప్రతిపాదన, ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు ఒప్పుకుంటేనే ఒప్పందం. ధర వేసిన పాంప్లెట్‌ని కోర్టులు మామూలుగా "రండి, అడగండి" అనే పిలుపుగానే చూస్తాయి. అంటే ప్రతిపాదించేది మనం, ఒప్పుకునేది వాళ్లు. లేదంటే యాభై మిక్సీలున్న షాపు ఐదొందల మందికి బాకీ పడుతుంది మరి.

అదే "ఈ పని చేస్తే ఇంత ఇస్తాం" అని ఖాయంగా రాస్తే కథ మారిపోతుంది. తప్పిపోయిన పిల్లాణ్ని తెచ్చిస్తే 500 రూపాయలని కరపత్రం పంచిన కేసులో, పిల్లాణ్ని కనిపెట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి టెలిగ్రాం కొట్టినాయనకి ఆ డబ్బు దక్కాలని 1925లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఎంవీపీ కాలనీలో స్తంభానికి "కుక్క తప్పిపోయింది, తెచ్చిస్తే 5,000" అని అంటించినా అంతే, తెచ్చినవాళ్లకి ఇవ్వాల్సిందే. కాకపోతే ఆ కాగితం సంగతి తెలిసి తెచ్చుండాలి. తెలియకుండా తెస్తే రాదని అదే హైకోర్టు 1913లో తేల్చింది.

కాబట్టి ఇలాంటి బహుమతుల మాటకి ఒప్పంద చట్టమే పట్టుకోండి. నాలాంటి ధరల గొడవకి 2019 వినియోగదారుల చట్టమే మేలు, ఎందుకంటే సరిపడా సరుకు అమ్మే ఉద్దేశం లేకుండా తక్కువ ధర ప్రకటించి రప్పించడాన్నే అది అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. ఇందులోనూ ఒక చిక్కుంది: నేను ఏమీ కొనలేదు, కొనకపోతే వినియోగదారుల ఫిర్యాదులు వినే జిల్లా కమిషన్‌లో "వినియోగదారు" అనిపించుకోవడం కష్టం. కానీ తప్పుదారి పట్టించే ప్రకటన అని జిల్లా కలెక్టర్‌కి రాసివ్వొచ్చు, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కి ఫోన్ చేయొచ్చు. పాంప్లెట్ మాత్రం పారేయకండి, వెళ్లిన తేదీ, వాళ్లు చెప్పిన రేటు దాని వెనకే రాసి పెట్టుకోండి.