ఇల్లు ఇచ్చి ఇల్లు తీసుకుని సెలవులు: హోమ్‌ఎక్స్ఛేంజ్‌తో మా అనుభవం

హోటల్ ఖర్చు చూసి ఏటా ప్రయాణం వాయిదా వేసుకునే కుటుంబాలకు హోమ్‌ఎక్స్ఛేంజ్ అనే ఇళ్ల మార్పిడి వెబ్‌సైట్ నిజంగా మంచి దారి. ఏడాదికోసారి సభ్యత్వం కట్టాలి, ఇంటివాళ్లకు అద్దె ఇవ్వక్కర్లేదు. వాళ్లు మనింట్లో, మనం వాళ్లింట్లో. తేదీలు కుదరకపోయినా పర్లేదు, మన ఇల్లు ఎవరికైనా ఇస్తే గెస్ట్‌పాయింట్లు వస్తాయి, వాటితో తర్వాత ఇంకెవరింట్లోనైనా ఉండొచ్చు. 1992 నుంచి నడుస్తోంది, కొత్త ప్రయోగమేం కాదు.

మొదటిసారి తాళాలు ఇచ్చేటప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. కానీ మేం దిగిన ఇంట్లో ఫ్రిజ్ మీద చేత్తో రాసిన కాగితం, ఏ స్విచ్ దేనికో, మొక్కలకు ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలో, అది చూడగానే మనసు కుదుటపడింది. బయల్దేరే ముందు బీరువా ఖాళీ చేసి, విలువైనవి ఒక గదిలో పెట్టి తాళం వేయడానికే రెండు రోజులు పట్టింది, ఆ శ్రమ తప్పదు. వీడియో కాల్‌లో మాట్లాడకుండా మాత్రం ఎవరికీ ఒప్పుకోవద్దు.