మైన్‌క్రాఫ్ట్ అప్‌డేట్లు: మా గంటస్తంభం గడియారాలు పోయాక నేర్చుకున్నది

మైన్‌క్రాఫ్ట్ అంటే చదరపు బ్లాకులు పేర్చి ఏది కావాలంటే అది కట్టుకునే వీడియో గేమ్. 2020 లాక్‌డౌన్ నుంచి లాప్‌టాప్‌లో జావా ఎడిషన్ అనే దాని కంప్యూటర్ రకం ఆడుతున్నాను. ఇదంతా రాస్తున్నది ఒక్కదాని గురించే, లాంచర్‌లో, అంటే గేమ్ తెరిచే ప్రోగ్రాంలో, పాత వెర్షన్ ఎంచుకోనివ్వడం. అది లేకపోతే ఈ గేమ్ ఎప్పుడో తీసేసేవాణ్ణి.

1.16.5 వెర్షన్లో మా విజయనగరం కోట కడుతున్నాను. నాలుగు బురుజులు, బయట పెద్ద చెరువు, కాస్త అవతల గంటస్తంభం. స్తంభం ఎనిమిది పలకలు కదా, చదరపు బ్లాకులతో ఆ పలకలు తేవడానికే మూడుసార్లు కూల్చి కట్టాను. గడియారాలకి మాత్రం ఒక మోడ్ వాడాను, అంటే గేమ్‌లో లేని బ్లాకులు ఇచ్చే బయటివాళ్ళ ఫైలు, పేరు వద్దులెండి. తెల్లటి పళ్ళెం, నల్ల ముళ్ళు, అచ్చం మన జంక్షన్లో తలెత్తి చూసినట్టే ఉండేది.

2021 నవంబర్ 30న 1.18 వెర్షన్ వచ్చింది. కొత్త కొండలు చూద్దామని లేటెస్ట్ రిలీజ్ మీద ప్లే నొక్కాను, మామూలుగా అన్ని వెర్షన్లకీ ఫోల్డర్ ఒకటే కాబట్టి నా కోట కూడా అదే లిస్టులో కనిపించింది, మోడ్ సంగతి గుర్తులేక తెరిచేశాను. చాలా నచ్చింది. కట్టే ఎత్తు 256 నుంచి 320కి పెరిగింది, కింద ఇంకో 64 బ్లాకుల లోతు. ఇంతకుముందు వెలుతురు లెవెల్ 7 దాకా ఉన్నా పుట్టే జాంబీలు ఇప్పుడు 0 ఉంటేనే పుడుతున్నాయి, కోటలో టార్చీలు సగం పీకేశాను. ఫ్రెండ్స్ దగ్గర తెగ పొగిడాను.

మూడు రోజులూ కోట లోపలే తిరిగాను. నాలుగో రోజు మా అక్క కొడుకు పక్కన కూచుని చెరువు గట్టు మీంచి చూసి "మావయ్యా, గడియారం ఏదీ?" అన్నాడు.

స్తంభానికి అన్ని పక్కలా బొక్కలే, వాటిలోంచి అవతల ఆకాశం కనిపిస్తోంది. మోడ్ లేకుండా తెరిస్తే దాని బ్లాకులు గాలైపోతాయి, సేవ్ అయిపోయాక మోడ్ మళ్ళీ వేసినా రావు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సిరిమాను పండక్కి ఇంట్లో అందరికీ చూపిద్దామని పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి ఉంచాను, అదే కాపాడింది. ఆ తర్వాత కట్టిన పడమర గోడ మాత్రం పోయింది, మళ్ళీ మొదట్నుంచీ కట్టాను.

ఇప్పుడు లాంచర్‌లో కోటకి 1.16.5తో వేరే ఇన్‌స్టలేషన్, వేరే ఫోల్డర్. కొత్తది ఏదొచ్చినా ముందు వరల్డ్‌ల (కట్టుకున్న ఊళ్ళ) లిస్టులో కోటని ఎంచుకుని "ఎడిట్" నొక్కి బ్యాకప్ తీసి, ఆ కాపీనే కొత్త వెర్షన్లో తెరిచి ఊరంతా ఒక చుట్టు తిరిగి చూస్తాను. అప్పట్నుంచి ఎన్ని అప్‌డేట్లొచ్చినా నా కోట జోలికి ఏదీ రాలేదు, ఆ నిశ్చింత నాకు 320 ఎత్తు కన్నా ఎక్కువ.

1.18ని అప్పుడు అంత పొగిడాను గానీ నా 4 జీబీ లాప్‌టాప్ మీద బాగా నత్తనడకే, కొత్త కొండల దగ్గరైతే మరీను. మంచి మెషిన్ ఉన్నవాళ్ళకి ఆ బాధ ఉండకపోవచ్చు. నేను ఒక్కణ్ణే ఆడతాను కాబట్టి పాతదాని మీద ఉండిపోయినా చెల్లుతుంది, సర్వర్లో పదిమందితో ఆడేవాళ్ళు అందరితో పాటు మారక తప్పదు. ఫోన్లో ఆడేవాళ్ళకి నా మాట అసలు పనికిరాదు, అక్కడ ఇలా పాత వెర్షన్ ఎంచుకునే వీల్లేదు. మా అక్క గుంటడు ఫోన్లో రామతీర్థం కొండ కడుతున్నాడు, వాడికి ఆటో అప్‌డేట్ ఆపేసి ఆదివారం ఆదివారం వరల్డ్ కాపీ తీసి పెడుతున్నాను, అంతకన్నా ఏటి చేయాలో నాకూ తోచలేదు.