కుందలహళ్ళి ఫిజియో సెంటర్: ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి మెట్లకి పోయింది

బెంగళూరులో కుందలహళ్ళి గేట్ దగ్గర, మందుల షాపు పైన ఫస్ట్ ఫ్లోర్‌లో ఉండే చిన్న ఫిజియోథెరపీ సెంటర్ గురించి ఇది. అమ్మని పది వారాలు తిప్పాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

అమ్మకి 68. అనంతపురం నుంచి మా దగ్గరికి వచ్చిన నెలకే బాల్కనీలో బట్టలు ఆరేస్తూ తడి టైల్ మీద జారింది. పెద్ద దెబ్బేం కాదనుకున్నాం, ఎక్స్‌రే తీస్తే కుడి చేతి ఎముక భుజంలో బంతిలా ఉండే చోటికి కొంచెం కింద విరిగింది. ముక్కలు పెద్దగా పక్కకి జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదని స్లింగ్ వేసి, నొప్పి మాత్రలిచ్చి పంపించేశారు ఆ ఆసుపత్రివాళ్ళు (పేరెందుకులెండి). నాలుగో రోజుకి చెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది. లోపల కారిన రక్తం కిందికి దిగుతుందని, అది మామూలేనని ఎవరైనా ముందే ఒక్క ముక్క చెప్పుంటే ఆ రాత్రి మాకు అంత టెన్షన్ ఉండేది కాదు. వెల్లకిలా పడుకుంటే నొప్పి, అందుకని మూడు వారాలు దిండ్లు పేర్చుకుని సోఫాలో కూర్చునే నిద్రపోయింది పాపం.

రెండు వారాలయ్యాక, డాక్టర్ సరేనన్నాక ఈ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడి ఫిజియో కన్నడ అమ్మాయి, తెలుగు బాగా మాట్లాడుతుంది. ముందు స్లింగ్ విప్పి మళ్ళీ కట్టింది, మోచేతిని పైకి తోసేలా బిగించామట మేం. వేళ్ళూ మణికట్టూ మొదటి రోజు నుంచే ఆడిస్తూ ఉండాల్సిందట, అమ్మ వేళ్ళు అప్పటికే బిగుసుకుని వాచి ఉన్నాయి. తర్వాత బల్ల మీద ఎడమ చెయ్యి ఆనించి ముందుకి వంగమని, కుడి చెయ్యి వదులుగా వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టించింది. "ఏం పాపా, పిండి రుబ్బమంటావా?" అంది అమ్మ. "రుబ్బొద్దమ్మా, చేతికి బలం పెట్టకండి, ఒళ్ళు ఊగితే చెయ్యే ఊగుతుంది" అందా అమ్మాయి. ఎముక అతకాలని భుజాన్ని మరీ ఎక్కువ రోజులు కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుందని అప్పుడే తెలిసింది. ఆరో వారం తర్వాత గోడ మీద వేళ్ళు పాకించడం, తాడూ గిలకా. ఆ గిలక చూసి అమ్మ ఊళ్ళో బావి కథలు మొదలుపెట్టింది, పక్క బెడ్ ఆవిడ కూడా చేరింది, ఆ రోజు అరగంట పని గంట పట్టింది.

నేను నాలుగు స్టార్లు ఇస్తున్నది మాత్రం వ్యాయామాలకి కాదు. రెండో రోజే ఆ అమ్మాయి "డెక్సా స్కాన్ చేయించారా?" అని అడిగింది (ఎముక ఎంత చిక్కగా ఉందో కొలిచే స్కాన్ అది). నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముకే గుల్లబారి ఉండొచ్చు, చూపించుకోండి అంది. చేయిస్తే వెన్నులో టీ స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 3.1 వచ్చింది, మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపొరోసిసే, అంటే ఎముక గుల్లబారే జబ్బే. విరిగిన చోటుకి పట్టీ వేసినవాళ్ళకి ఎందుకు విరిగిందో అడగాలనిపించలేదా? ఒకసారి ఇలా విరిగినవాళ్ళకి తర్వాత తుంటి గానీ వెన్ను గానీ విరిగే ప్రమాదం ఎక్కువ. వేరే డాక్టర్ దగ్గర కిడ్నీ టెస్టూ, విటమిన్ డి చూసి, తక్కువున్న డి సరిచేశాక ఎముక అరగకుండా ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే మందు, జోలెడ్రానిక్ యాసిడ్ పెట్టారు. మర్నాడు జ్వరం, ఒళ్ళు నొప్పులు వచ్చాయి, మొదటి డోసుకి చాలామందికి అలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి ఈసారి కంగారు పడలేదు.

ఇక తిట్లు. లిఫ్ట్ లేదు, మెట్లకి ఒక పక్కే రెయిలింగ్. ఎముకలు పెళుసుగా ఉన్నవాళ్ళు వచ్చే చోటది! ఇరవై సిట్టింగుల ప్యాకేజీ కొనమని రిసెప్షన్‌లో ప్రతిసారీ నస, నేను విడివిడిగానే కట్టాను, సిట్టింగుకి 600. కరెంటు మెషీన్ పెట్టి పావుగంట పడుకోబెడతారు, దానివల్ల ఏం ఒరిగిందో నాకైతే కనిపించలేదు.

పదో వారానికి అమ్మ తన జడ తనే వేసుకుంది, కొంచెం వంకరగా. సాయంత్రం వెళ్ళేవాళ్ళు ఫోన్ చేసి వెళ్ళండి, ఉన్నవి రెండే బెడ్లు. ఆదివారం సెలవు.