ఆకుపచ్చ ఫాలాయిడిన్ రంగు: ఆరు నెలల వాడకం తర్వాత

కణాలు ఎలా కదులుతాయో చూడడమే మా ల్యాబ్ పని కాబట్టి, కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చే ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువులకు రంగు వేసే, వెలుగు పడితే మెరిసే (ఫ్లోరసెంట్) ఫాలాయిడిన్‌ను ఆరు నెలలుగా వాడుతున్నాం. అమానిటా ఫాలాయిడిస్ అనే విషపు పుట్టగొడుగులో దొరికే, ఏడు అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ ఇది. విడివిడిగా తిరిగే ఆక్టిన్ అణువుల జోలికి పోకుండా, గొలుసులుగా చేరిన తంతువులనే పట్టుకుంటుంది. ఒక్కో ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీలతో రంగు వేయడానికి పట్టేంత సమయం అక్కరలేదు, అరగంట చాలు.

బంధక కణజాలపు కణాలైన ఫైబ్రోబ్లాస్టుల పొరను పిపెట్ కొనతో గీరి, కణాలు ఆ ఖాళీలోకి జరగడం మొదలుపెట్టాక ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నవి ఉన్నట్టే స్థిరపరచి) చూస్తే, ప్రతి కణం ముందు అంచునా చీర అంచులాంటి పట్టీ మెరుస్తుంది. ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల సముదాయం పాత తంతువు పక్క నుంచి సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మను మొలిపిస్తూ పోవడం వల్ల అల్లుకున్న వల అది; కణపు పైపొరను ముందుకు నెట్టేది ఈ వలే. ఒక్కో తంతువు మందం 7 నానోమీటర్లే కనుక సాధారణ కాన్ఫోకల్ మైక్రోస్కోపులో కొమ్మలు విడిగా కనబడవు. సీకే-666 అనే రసాయనంతో ఆర్ప్2/3ని అడ్డుకున్న కణాల్లో ఆ పట్టీ దాదాపు మాయమై, ఫాసిన్ అనే ప్రోటీన్ తంతువులను కట్టలుగా బిగించిన, సన్నని వేళ్లలాంటి ఫిలోపోడియాలు మాత్రం మిగిలాయి. ఈ తేడాను ఇంత స్పష్టంగా చూపినందుకే నేను ఈ రంగును మెచ్చుకుంటున్నాను. కణం వెనుక భాగంలో ఆల్ఫా-ఆక్టినిన్, మయోసిన్ ప్రోటీన్లతో బిగిసిన ఆక్టిన్ కట్టలైన స్ట్రెస్ ఫైబర్లు కూడా తీగల్లా కనిపిస్తాయి.

అయితే చీకటిగా ఉన్నచోట ఆక్టిన్ లేదని నిర్ణయించకూడదు. తంతువులను తెంచి పాతవాటిని కరిగించే కోఫిలిన్ అనే ప్రోటీన్, తాను కూర్చున్న తంతువు మెలికనే మార్చేస్తుంది కాబట్టి ఫాలాయిడిన్ అక్కడ అంటుకోదు. కదలికకు కోఫిలిన్ ఎంత అవసరమో తెలిసినవారికి ఇది చిన్న లోటు కాదు. పైగా ఫాలాయిడిన్ తంతువులను కరగనివ్వకుండా బిగించేస్తుంది, బతికున్న కణాల పొరను సులభంగా దాటదు. కదలికను కదులుతుండగా చూడాలంటే, బతికున్న కణాల్లోనే ఆక్టిన్‌కు అంటుకునే, 17 అమైనో ఆమ్లాల లైఫ్‌యాక్ట్ పెప్టైడ్ వంటివి ఎంచుకోవాలి. వాటినీ మోతాదు మించకుండా వాడాలి.

సీసాతో వచ్చిన సూచనల కాగితం నన్ను నిరాశపరిచింది. పొడిని మిథనాల్‌లో కరిగించమని అందులో ఉంది కానీ, కణాలను మిథనాల్‌తో ఫిక్స్ చేయవద్దని ఎక్కడా లేదు. మా విద్యార్థిని అలా చేయడంతో మొదటి విడత స్లైడ్లన్నీ వెలవెలబోయాయి. మిథనాల్ ఆక్టిన్ ఆకృతిని చెడగొడుతుంది, ఫాలాయిడిన్‌కు పట్టు దొరకదు. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌కు మారిన రోజే చక్కటి చిత్రాలు వచ్చాయి. రంగు వేసిన స్లైడ్లను వారంలోగా చిత్రీకరించడం మేలు, ఆ తర్వాత వెలుగు తగ్గుతుంది.

సీసా చిన్నది, ఖరీదు ఎక్కువే. అయినా మళ్లీ తెప్పిస్తాను. ఈసారి ఎరుపుది అడుగుతాను, మైక్రోస్కోపులో ఆకుపచ్చ వెలుగును చూసే ఛానెల్, కోఫిలిన్‌ను చూపే యాంటీబాడీకి ఖాళీగా ఉండాలి.