చేప శాండ్‌విచ్‌కు జారుపిండి మేలా, బ్రెడ్ పొడి మేలా?

ఇంట్లో చేప శాండ్‌విచ్ చేసుకునేవారు మొదట తేల్చుకోవలసింది, ముళ్లు తీసిన పండుగప్ప ముక్కను బజ్జీ మాదిరిగా జారుపిండిలో ముంచి వేయించాలా, లేక గుడ్డుసొనలో తడిపి బ్రెడ్ పొడి అద్ది వేయించాలా అన్నది.

మైదాలో మూడో వంతు బియ్యప్పిండి కలిపి, చల్లటి సోడాతో జారుగా చేసిన పిండిలో ముంచిన ముక్క నూనెలో పడగానే చుట్టూ గుల్లగా పొంగుతుంది. ఆ పొర లోపల చేప తన ఆవిరిలోనే ఉడుకుతుంది కాబట్టి రసం పోకుండా మెత్తగా ఉంటుంది. మైదాకు సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ బియ్యప్పిండిలో లేనందువల్ల పూత సాగక కరకరలాడుతుంది. అయితే ఆ ఆవిరే తరువాత ఇబ్బంది పెడుతుంది: సాస్ రాసిన బ్రెడ్డు మధ్య కొద్దిసేపు ఉంచితే చాలు, పొర నాని, కొరికినప్పుడు తొక్కలా ఊడివస్తుంది.

బ్రెడ్ పొడికి శ్రమ ఎక్కువ. ముక్క తడి తుడిచి మైదా, గుడ్డు, పొడి వరుసగా పట్టించాలి; ఒక చేయి తడికి, మరొకటి పొడికి వాడకపోతే ముక్క కన్నా ముందు వేళ్లకే పూత పడుతుంది. పొడి లేకుంటే బొంబాయి రవ్వ సరిపోతుంది, మంగళూరు వారి రవ్వ వేపుడు అలాంటిదే. ఈ గరుకు పూత బ్రెడ్డులో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక పిల్లల డబ్బాకు నేను దీనినే ఎంచుకుంటాను. పెనం దగ్గరే నిలబడి తినేటప్పుడు మాత్రం జారుపిండికి సాటి లేదు.

రెండింటికీ నూనె 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. వేగిన ముక్కలను కాగితం మీద కాక జల్లెడ మీద పెడితే అడుగున చెమ్మ పట్టదు.