ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైల్ లాకింగ్: పర్లాకిమిడి ప్రింటింగ్ షాపులో ఏళ్ల తరబడి వాడాక

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ, ప్రింటింగ్ షాపు. శుభలేఖలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. మాఘమాసం వస్తే పాతపట్నం నుంచి కూడా జనం వస్తారు. అయిదు కంప్యూటర్లు, అన్నిటిలోనూ డెబియన్ లినక్స్. ఫైళ్లన్నీ మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో ఉంటాయి, అదే మా సర్వర్. ఒక మెషిన్‌లోని ఫైళ్లని నెట్‌వర్క్ మీద పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అందరం వాడుకుంటాం. 2018 నుంచి ఇదే ఏర్పాటు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఫైల్ లాకింగే, అంటే ఒకరు రాస్తున్న ఫైలులో అదే సమయంలో ఇంకొకరు రాయకుండా లాకు వేసుకోవడం.

మొదట ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 3 పెట్టాను. అందులో లాకింగ్ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో కలిసి ఉండదు. లాకులు ఇవ్వడం లాక్‌డీ అనే విడి ప్రోగ్రాం పని. ఎవరెవరికి లాకులున్నాయో రాసిపెట్టుకుని, మెషిన్ ఆగి లేచినప్పుడు అవతలివాళ్లకి కబురు పంపడం స్టాట్‌డీ అనే ఇంకో ప్రోగ్రాం పని. మనం ఫిక్స్ చేయకపోతే ఈ రెండూ ఏ పోర్టు (నెట్‌వర్క్‌లో ప్రోగ్రాంకి దారి చూపే నంబరు) దొరికితే ఆ పోర్టులో కూర్చుంటాయి. ఆ సంగతి తెలియక, ఏ పోర్టుకి దారి ఇవ్వాలో చూసే ఫైర్‌వాల్‌లో వాటికి దారి ఇవ్వలేదు. సర్వర్‌లోని ఫోల్డర్ మా మెషిన్లకి మౌంటయ్యేది (తగులుకునేది), ఫైళ్లు కనిపించేవి, లిబ్రెఆఫీస్‌లో తెరవబోతే మాత్రం అలాగే బిగుసుకుపోయేది.

నెట్‌లో వెతికితే మౌంట్ చేసేటప్పుడు నోలాక్ అనే ఆప్షన్ పెట్టమన్నారు. పెట్టగానే ఫైళ్లు టక్కున తెరుచుకున్నాయి, సమస్య తీరిందనుకున్నాను. నిజానికి నోలాక్ పెడితే లాకు ఆ మెషిన్‌లోనే ఉండిపోతుంది, పక్క మెషిన్‌కి దాని సంగతే తెలియదు.

మా మేనల్లుడు బిల్లు నంబర్ల కోసం చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాడు. నంబరున్న ఫైలుకి లాకు వేసి, ఒకటి కలిపి, బిల్లు ప్రింటయ్యాక వదులుతుంది. ఒక పెళ్లిళ్ల సీజన్లో 1148 నంబరుతో రెండు బిల్లులు బయటికొచ్చాయి. ఒకరి అడ్వాన్సు ఇంకొకరి లెక్కలో పడింది. కార్డులు తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన, "వెయ్యి కట్టాను కదా బాబూ" అని రసీదు మడత విప్పి బల్ల మీద పెట్టారు. ఆయన మాట నిజం, మా లెక్కే తప్పు. ఆ రాత్రే నోలాక్ తీసేసి, లాక్‌డీకీ స్టాట్‌డీకీ పోర్టులు ఫిక్స్ చేసి ఫైర్‌వాల్‌లో తెరిచాను. సర్వర్‌లో ఒక్కచోట తెరిస్తే చాలదు. లాకు దొరికిందని, మెషిన్ లేచిందని సర్వరే తిరిగి క్లయింటుకి, అంటే ఫైళ్లు వాడుకునే మెషిన్‌కి, చెబుతుంది కాబట్టి అటువైపూ తెరవాలి.

ఇంకో తప్పు కూడా చేశాను. ఒకే డిస్కుని కాపీ కొట్టి అయిదు మెషిన్లూ తయారుచేయడంతో అన్నిటికీ ఒకే హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో మెషిన్ పేరు) వచ్చింది. స్టాట్‌డీ మెషిన్‌ని గుర్తుపట్టేది ఆ పేరుతోనే. వేర్వేరు పేర్లు పెట్టేదాకా రీబూట్ తర్వాత లాకులు తికమక పడుతూనే ఉన్నాయి.

వెర్షన్ 3తో చివరిదాకా వదలని బాధ ఇంకోటి. ఒకరోజు బిల్లు ప్రింటవుతుండగా ఒక మెషిన్ ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) కాలిపోయింది. లాకు దాని పేరనే ఉండిపోయింది, మిగతా నాలుగింటిలో ఒక్క బిల్లూ రాలేదు. పొద్దుటంతా టెన్షన్ పడి, చివరికి సర్వర్‌నే రీస్టార్ట్ చేశాను.

2021లో వెర్షన్ 4కి మారాను. ముందే మారి ఉండాల్సింది. లాకింగ్ అందులోనే ఉంది, 2049 ఒక్క పోర్టు చాలు. లాకుకి గడువుంటుంది. క్లయింటు చచ్చిపోతే 90 సెకన్ల తర్వాత ఆ లాకు ఇంకొకరికి దొరుకుతుంది. హోస్ట్‌నేమ్‌లు వేర్వేరుగా ఉండాలన్నది ఇక్కడా తప్పదు. లాకు అడగకుండా రాసే ప్రోగ్రాంని ఇదీ ఆపదు, లాకుని గౌరవించాల్సింది ప్రోగ్రామే.

మాకు కరెంటు కోతలు ఎక్కువ. సర్వర్ మళ్లీ లేచాక 90 సెకన్ల దాకా కొత్త లాకులు ఇవ్వదు, ముందు పాతవాళ్లు తమ లాకులు తిరిగి అడగడానికి ఆగుతుంది. ఆ కాసేపట్లో సిస్టం హ్యాంగయిందనుకుని కుర్రాళ్లు పవర్ బటన్ నొక్కేసేవాళ్లు. సర్వర్‌కి యూపీఎస్ కొన్నాను. ప్రతి మానిటర్ కిందా తెలుగులోనూ ఒడియాలోనూ ఒక చీటీ అంటించాను: "కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగండి."