బజర్ టేపు మంచిదే, కేసింగ్ ఎత్తు కొలవకపోతే మాత్రం మోసపోతారు

బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసే బజర్ టేపు, 50 మీటర్లది, ఆన్‌లైన్లో ఏడు వేలు పెట్టి తెప్పించా. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, పక్క పొలమంతా రొయ్యల గుంటలు. గుంటల ఉప్పు మా తాగే బోరులోకి దిగుతోందని నేను, అదేం లేదన్నా అని గుంటల తమ్ముడు, ఆరు నెలల నుంచి ఇదే గొడవ.

టేపు పనితనం బానే ఉంది. కొసనున్న కడ్డీ నీళ్లకి తగలగానే కుయ్‌మంటుంది. కేసింగ్ (బోరులో దించిన గొట్టం) గోడకి చెమ్మ ఉన్నా కుయ్‌మంటుంది కాబట్టి రెండు మూడుసార్లు ఎత్తి దించి, ఒకే అంకె వస్తేనే రాసుకోండి. మోటరున్న బోరులో దించితే కేబులుకి చుట్టుకుంది, విడిపించేసరికి అరగంట పట్టింది, ఎక్కడ తెగుతుందోనని ఒకటే టెన్షన్.

అసలు తిప్పలు ఆ తర్వాత. వాడకుండా వదిలేసిన పాత ఫిల్టర్ పాయింటులో (లోతు తక్కువ బోరు) నీళ్లు 2.95 మీటర్ల దగ్గర, దాని పక్కనే ఉన్న మా తాగే లోతు బోరులో 3.30 దగ్గర తగిలాయి. లోతు బోరులో మట్టం తక్కువుంది, అంటే పైనీళ్లు కిందికి దిగుతున్నట్టే, నేనే గెలిచా అనుకున్నా. రెండు కొలతలూ కేసింగ్ అంచు నుంచి తీసినవని, ఆ అంచులు ఒక ఎత్తులో లేవని అప్పుడు తట్టలేదు. మేస్త్రి దగ్గర లెవెల్ గొట్టం తెచ్చి చూస్తే లోతు బోరు కేసింగ్ 55 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంది. 3.30లోంచి అది తీసేస్తే 2.75, అంటే లోతు బోరు మట్టమే 20 సెంటీమీటర్లు పైన! అంటే నీళ్లు కింది నుంచి పైకి నెడుతున్నాయి. రెండు బోర్లలో నీళ్లు లోపలికొచ్చే స్లాటు పైపుల మధ్య నిలువునా 40 మీటర్లు, 0.20ని 40తో భాగిస్తే 0.005, ఆ నెట్టుడు చిన్నదే. ఎన్ని నీళ్లు కదులుతాయన్నది మధ్యలో ఉన్న బంకమట్టిని బట్టి ఉంటుంది, అది టేపు చెప్పదు.

ఇది రాత్రంతా మోటరు ఆపి పొద్దున్నే తీసిన కొలత. రెండు గంటలు మోటరు వేసి మళ్లీ దించితే లోతు బోరులో 4.60కి పోయింది, ఫిల్టర్ పాయింటు మాత్రం దాదాపు కదల్లేదు. దిశ తిరగబడింది, మోటరు వేస్తే పైనీళ్లే కిందికి.

ఇంకోటి, లోతు బోరులో ఉప్పునీళ్లుంటే ఈ లెక్క సరిపోదు. ఉప్పునీళ్లు బరువు కదా, సముద్రపు నీళ్లయితే 40 మీటర్లకి మీటరు దాకా తేడా వస్తుంది. మాది తియ్యటి నీళ్లే కాబట్టి సరిపోయింది.

బ్యాటరీ మూత వదులు, అంకెలు అప్పుడే చెరుగుతున్నాయి, డబ్బాలో పెట్టిన కాగితంలో కేసింగ్ ఎత్తు ఊసే లేదు. అయిదుకి మూడున్నర ఇస్తా. కాలవ నీళ్లొచ్చి నాట్లు పడ్డాక పై మట్టం లేస్తుంది, అప్పుడు మళ్లీ కొలవాలి. ఈ అంకెలు తమ్ముడికి చూపిస్తే తీరిగ్గా చూసి, "అయితే మోటరు కాస్త తక్కువ వెయ్యన్నా" అన్నాడు.